భుజం జాయింట్ మార్చిన 14 నెలలకి నొప్పి: జ్వరం లేదు, చీము లేదు, అయినా ఇన్ఫెక్షన్ అంటున్నారు

నరసరావుపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్న విషయంలో ఎటూ తేల్చుకోలేక రాస్తున్నాను. ఇలాంటిది ఇంట్లో చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నాన్నకి 67 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోశారు. కుడి భుజంలో చెయ్యి పైకి లేపే కండరాలు తెగిపోయి, కీలు అరిగిపోయి, ముద్ద నోటిదాకా ఎత్తలేని స్థితి వచ్చింది. 14 నెలల క్రితం రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్ (భుజంలో బంతి, గిన్నె స్థానాలు తారుమారు చేసి పెట్టే కృత్రిమ కీలు) చేయించాం. షుగర్ ఉంది కానీ కంట్రోల్‌లోనే ఉంది.

మొదటి ఆరేడు నెలలు చాలా బాగున్నారు. తల దువ్వుకున్నారు, అటక మీది డబ్బా తనే దించారు. ఎనిమిదో నెల నుంచి లోపల నొప్పి మొదలైంది. ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాటితే లేచి కూర్చుంటున్నారు. కుట్లు వేసిన చోట చూస్తే మచ్చ శుభ్రంగా ఉంది, ఎరుపు లేదు, వాపు లేదు. ఒక్క రోజు కూడా జ్వరం రాలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు మూడుసార్లు చూశారు. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నాయేమో చూసే రక్తపరీక్షలు చేయిస్తే సీఆర్‌పీ 4 అని మామూలుగానే వచ్చింది, ఈఎస్‌ఆర్ కూడా వయసుకి తగ్గట్టే ఉంది. "వ్యాయామం సరిగా చేయట్లేదు, అందుకే బిగుసుకుపోతోంది" అన్నారు. నాన్న ఆ మాటకి చాలా బాధపడ్డారు. ఇంకో డాక్టర్ గారికి చూపిస్తే ఎక్స్‌రేలో రాడ్ చుట్టూ సన్నటి నల్ల గీత చూపించి, లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చు అన్నారు. సూదితో నీరు తీస్తే రెండు చుక్కలే వచ్చింది. ఆ నీటిలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్ట్ 48 గంటల్లో "నో గ్రోత్", అంటే ఏమీ పెరగలేదు అని ఇచ్చారు.

మొదటి డాక్టర్ గారేమో "ఇన్ఫెక్షన్ లేదు, అనుమానముంటే పది రోజులు యాంటీబయాటిక్ వాడండి" అని రాసిచ్చారు. రెండో డాక్టర్ గారేమో "ఒక్క మాత్ర కూడా వేయొద్దు, ముందు చిన్న ఆపరేషన్ చేసి లోపలి ముక్కలు పరీక్షకి పంపాలి" అంటున్నారు. ఆ మాత్రల స్ట్రిప్ నాలుగు రోజులుగా మా ఫ్రిజ్ మీదే ఉంది. నాన్న నొప్పికి తట్టుకోలేక రోజూ దాని వంక చూస్తున్నారు.

ఇంకో మాట. ఆపరేషన్ అయిన మూడో రోజు అమ్మ ఒళ్లు తుడుస్తుంటే కట్టు కొంచెం తడిసింది. అప్పటినుంచి "నా వల్లే వచ్చింది" అని ఏడుస్తోంది. చీము లేకుండా, జ్వరం లేకుండా ఇన్ఫెక్షన్ ఉంటుందా అసలు?

కాకినాడ పాత డ్రైవర్:

అమ్మా, నేను ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యానండి. నాది ఎడమ భుజం. మీరు రాసింది చదువుతుంటే మా బీరువాలో ఉన్న ఫైలు మీ చేతిలో ఉన్నట్టుంది.

ముందు ఆ స్ట్రిప్ సంగతి. ఫ్రిజ్ మీదే ఉండనివ్వండి. నేను ఆ తప్పు చేశాను. నాకూ ఇలాగే పది రోజులకి రాశారు, వేసుకున్నాను. నాలుగో రోజుకి నొప్పి సగానికి తగ్గింది, ఇంటిల్లిపాదీ దండం పెట్టుకున్నాం. మాత్రలు ఆపిన మూడు వారాలకి మళ్లీ మొదటికొచ్చింది. ఆ మధ్యలో తీసిన నీటిలో క్రిమి దొరకలేదు. దొరక్కపోయేసరికి "మీకు ఇన్ఫెక్షన్ లేదు" అన్నారు. మందు వేసుకుని పరీక్షకి వెళ్తే లోపలున్నది బయటపడదని ఆ తర్వాత చూసిన డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలీదండి. అప్పటికి అయిదు నెలలు పోయాయి. ఒంట్లో మందు ఏమీ లేకుండా కనీసం రెండు వారాలు ఉండి, అప్పుడు ముక్కలు తీయించుకున్నాను.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. జ్వరం, చలి, భుజం ఎర్రగా వాచడం, మచ్చలోంచి తడి రావడం, వీటిలో ఏదొచ్చినా ఆగకూడదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేను చెప్పేది మీ నాన్నగారిలా నెమ్మదిగా నొప్పి పెరిగేవాళ్ల గురించి.

నా నొప్పి ఎలా ఉండేదో చెప్తాను, మీ నాన్నగారిని అడిగి చూడండి. పక్కకి తిరిగితే వచ్చే నొప్పి కాదు. వెల్లకిలా పడుకుని కదలకుండా ఉన్నా, లోపల ఎవరో పానా పెట్టి బోల్టు కొంచెం కొంచెం బిగిస్తున్నట్టు ఉండేది. తెల్లారితే కాస్త వదిలేది.

వ్యాయామం చేయట్లేదన్న మాట నన్నూ అన్నారమ్మా. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. నన్ను ఆదుకున్నది గోడ. ఫిజియోథెరపీ అమ్మాయి, గోడ మీద వేళ్లతో పాకించి, ఎంత ఎత్తు అందితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి తారీఖు వేయమంది. మా హాల్లో స్విచ్ బోర్డు పక్కన ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. జూన్‌లో స్విచ్ బోర్డు పైఅంచు దాకా అందాయి వేళ్లు. జూలైలో స్విచ్‌ల దగ్గర ఆగాయి. ఆగస్టు చివరికి ప్లగ్గు దాటలేదు. రోజూ రెండు పూటలా చేస్తూనే ఉన్నాను, గీత కిందికి దిగుతూనే ఉంది. ఫోన్లో ఆ గోడ ఫొటో తీసి మూడో డాక్టరు గారికి చూపించాను. ఆయన నా సీఆర్‌పీ కాగితం పక్కన పెట్టేసి ఆ ఫొటో రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. "బాగుపడి మళ్లీ పోవడం అంటే బద్ధకం కాదు, లోపల ఏదో ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు కళ్లనీళ్లు వచ్చాయండి.

తెరిచి చూస్తే చీము చుక్క కూడా లేదట. అయిదు చోట్ల నుంచి అయిదు ముక్కలు తీసి అయిదు సీసాల్లో పంపారు. నాలుగో రోజుకి ఏమీ లేదు. వారానికీ ఏమీ లేదు. పదకొండో రోజు మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఫోనొచ్చింది, నాలుగు సీసాల్లో ఒకే క్రిమి పెరిగిందని. దాని పేరు క్యూటీబాక్టీరియం యాక్నెస్. మొటిమల్లో ఉండేదే. ల్యాబు వాళ్లు వారానికే మూసేసి ఉంటే నేను ఇప్పటికీ గోడ మీద గీతలు పెట్టుకుంటూ ఉండేవాడిని.

కాబట్టి మీ రెండో డాక్టరు గారు చెప్పింది వినండి. ల్యాబులో 14 రోజులు ఉంచుతారా లేదా అని ముందే అడగండి. మిగతాది ల్యాబు తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

వరంగల్ ల్యాబ్:

పెద్దాయన పిలిచినట్టే వచ్చాను. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో 16 ఏళ్లుగా పని చేస్తున్నాను. కల్చర్ ప్లేట్లు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి.

చెల్లీ, 48 గంటల "నో గ్రోత్" అన్నది ఈ క్రిమి ఉందో లేదో చెప్పే రిపోర్ట్ కాదు. మూత్రంలో, చీములో మామూలుగా దొరికే క్రిములు ఒకటి రెండు రోజుల్లో ప్లేటు మీద కనిపిస్తాయి. యాక్నెస్ అలా కాదు. అది గాలి తగలని చోట బతకడానికి అలవాటుపడింది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఆక్సిజన్ లేని జార్‌లో పెట్టి ఓపిగ్గా చూడాలి. అందుకే భుజం జాయింట్ నుంచి వచ్చిన సాంపిల్‌ని 14 రోజులు ఉంచాలని చెప్తారు. ల్యాబ్‌లో మామూలు పద్ధతి అయిదు రోజులు. ఎవరూ చెప్పకపోతే ఆరో రోజు ఆ ప్లేటు చెత్తలోకి వెళ్తుంది. ఇది నిర్లక్ష్యం కాదు. ఆ సీసాలో ఉన్నది భుజం కీలులోదని, లోపల లోహం ఉందని మాకు కాగితం మీద కనిపించాలి. "టిష్యూ, కల్చర్ అండ్ సెన్సిటివిటీ" అని మాత్రమే రాసి వస్తే మాకు తెలిసే దారి లేదు.

కాబట్టి ఆపరేషన్‌కి ముందు రోజే డాక్టర్ గారితో మాట్లాడి రిక్వెస్ట్ ఫారం మీద ఈ మాటలు రాయించండి: భుజం జాయింట్ రీప్లేస్‌మెంట్, ఇన్ఫెక్షన్ అనుమానం, ఏరోబిక్ (గాలి ఉన్నచోట), అనరోబిక్ (గాలి లేనిచోట) కల్చర్ రెండూ, 14 రోజులు ఉంచాలి. కనీసం అయిదు ముక్కలు, వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో ముక్కకి వేరే పరికరం, వేరే సీసా. దూదిపుల్ల మీద అద్ది పంపితే చాలదు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, వెంటనే ల్యాబ్‌కి చేరాలి. శుక్రవారం సాయంత్రం తీసిన సాంపిల్ శనివారం మధ్యాహ్నం దాకా రిసెప్షన్ బల్ల మీద ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. మీ ఇంట్లో ఒకరు ఆ సీసాల వెంట ల్యాబ్ కిటికీ దాకా నడిచి వెళ్లండి.

అయిదు ఎందుకంటే, ఈ క్రిమి అందరి చర్మంలోనూ ఉంటుంది. అయిదింటిలో ఒకదాంట్లోనే పెరిగితే అది చర్మం నుంచి అంటుకున్నదేమో అని అనుమానించాల్సి వస్తుంది. రెండు, అంతకంటే ఎక్కువ వాటిల్లో అదే క్రిమి పెరిగితే అప్పుడు నమ్ముతాం.

సీఆర్‌పీ 4 అని ధైర్యపడకండి, భయపడకండి కూడా. మోకాలు, తుంటి ఇన్ఫెక్షన్‌లో అది పెరుగుతుంది. భుజంలో ఈ క్రిమి ఉన్నా చాలామందికి మామూలుగానే ఉంటుంది. 2018లో ఫిలడెల్ఫియాలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన డాక్టర్లు కూర్చుని కీళ్ల ఇన్ఫెక్షన్ల గురించి చర్చించినప్పుడు, భుజానికి మోకాలు, తుంటి లెక్కలు సరిపోవని దానికి వేరే నిర్వచనం రాసుకున్నారు.

ఇప్పుడు అమ్మగారి గురించి, ఇది ఆవిడకి చదివి వినిపించండి. అమ్మా, కట్టు తడిసినందుకు ఇది రాలేదు. ఈ క్రిమి చర్మం పైన కాదు, లోపల నూనె గ్రంథుల్లో కాపురం ఉంటుంది. ముఖం, వీపు, భుజాల్లో ఆ గ్రంథులు ఎక్కువ. మగవాళ్లలో మరీ ఎక్కువ. ఆపరేషన్ ముందు పూసే మందు పైపైన ఉన్నవాటిని చంపుతుంది, గ్రంథి అడుగున ఉన్నవి మిగిలిపోతాయి. కోత పెట్టినప్పుడు ఆ గ్రంథులు కూడా తెగుతాయి కదా, అక్కడి నుంచి లోపలికి జారుతుంది. లోహం మీద జిగురు పొరలాంటిది కట్టుకుని దాని కింద దాక్కుంటుంది. మాత్రలు ఆ పొరని దాటి పూర్తిగా చంపలేవు. పెద్దాయనకి నొప్పి తగ్గి మళ్లీ రావడానికి కారణం అదే.

మీ నాన్నగారు తన ఒక్కరికే ఎందుకొచ్చింది అనుకుంటుంటే ఇది చెప్పండి. మనిషి భుజంలో మొట్టమొదటి కృత్రిమ కీలు పెట్టింది 1893లో, పారిస్‌లో, జూల్ ఎమిల్ పేయాన్ అనే సర్జన్. ప్లాటినం, రబ్బరు కలిపి చేసిన కీలు. క్షయ వల్ల భుజం పాడైన ఒక రొట్టెల పనివాడికి పెట్టారు. సుమారు రెండేళ్లకి ఇన్ఫెక్షన్ తిరగబెట్టి దాన్ని తీసేయాల్సి వచ్చింది. భుజం కీలు పుట్టిన రోజు నుంచీ ఈ బాధ దాని వెంటే ఉంది. మీ ఇంటి శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు.

విజయనగరం కోడలు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తయ్యకి వచ్చే నెల భుజం ఆపరేషన్. ఇదంతా చదివాక టెన్షన్‌గా ఉంది. రాకుండా ముందే ఏమైనా చేయగలమా మేడమ్?

వరంగల్ ల్యాబ్:

ఇది కొద్దిమందికే వచ్చేది, కంగారు పడకండి. నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి. మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంది కదా, 5 శాతం, ఆపరేషన్‌కి ముందు కొద్ది రోజులు భుజానికి, చంకకి రాయమని ఈ మధ్య చాలామంది సర్జన్లు చెప్తున్నారు. గ్రంథుల్లో ఉన్న ఈ క్రిమిని బాగా తగ్గిస్తుంది. వాడొచ్చా అని అడగండి. నొప్పికని భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ మూడు నెలల లోపు వేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పండి, దాచకండి. ఇంట్లో బ్లేడుతో చంక గీయించొద్దు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకునే వెళ్లండి.

కాకినాడ పాత డ్రైవర్:

ఆ మందు నాకు చివరి ఆపరేషన్‌కి ముందు రాయించారండి. పాత తెల్ల తువ్వాలు వాడండి. మా ఆవిడ కొత్త మెరూన్ తువ్వాలు మధ్యలో అరచేయంత మేర రంగు పోయింది.

నరసరావుపేట అమ్మాయి:

అందరికీ మళ్లీ నమస్కారం. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

మాత్రలు వేయలేదు. రెండో డాక్టర్ గారి దగ్గరే చేయించాం. వరంగల్ అక్క చెప్పినట్టు ఫారం మీద రాయమంటే ఆయన నవ్వి, "నేనే రాస్తాను, అడిగినందుకు సంతోషం" అన్నారు. అయిదు సీసాలు. మా తమ్ముడు వాటిని తీసుకుని ల్యాబ్ దాకా వెళ్లి, లోపలికి తీసుకున్నట్టు సంతకం చేయించుకుని వచ్చాడు.

ఆరో రోజు ఫోన్ చేస్తే ఏమీ లేదన్నారు. ఆ రాత్రి నాన్న, "ఏమీ లేదంటే తప్పు నాదేనన్నమాట" అని అటు తిరిగి పడుకున్నారు. తొమ్మిదో రోజు రెండింటిలో పెరిగిందన్నారు. పన్నెండో రోజుకి మూడు అయ్యాయి. మీరు చెప్పిన పేరే.

నాన్నకి చెప్పాను. ఇన్ఫెక్షన్ ఉందని, మళ్లీ పెద్ద ఆపరేషన్ అని చెప్తుంటే ఎవరైనా బెదిరిపోతారు కదా. ఆయన లేచి కూర్చుని, "అయితే నేను వ్యాయామం ఎగ్గొట్టలేదని ఆ డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పు" అన్నారు. అమ్మకి అక్క రాసింది రెండుసార్లు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు చాన్నాళ్ల తర్వాత తల దువ్వుకుని పూలు పెట్టుకుంది.

డాక్టర్ గారు ఒకేసారి పాతది తీసి కొత్తది పెట్టేయొచ్చు అంటున్నారు, తెరిచాక ఎముక చూసి ఖాయం చేస్తారట. బాబాయ్ గారూ, మీకు రెండుసార్లుగా చేశారా? ఇంటికి వచ్చాక ఏం సిద్ధం చేసుకోవాలి?

కాకినాడ పాత డ్రైవర్:

అమ్మా, మీ నాన్నగారు అన్న మాట మా ఆవిడకి చదివి వినిపించాను. నేనూ అచ్చం అదే అన్నానట.

నాకు రెండుసార్లుగా చేశారు. మొదట జాయింటు, సిమెంటు మొత్తం తీసేసి, కీలు స్థానంలో తాత్కాలికంగా యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్దతో చేసిన స్పేసర్ పెట్టారు. మూడు నెలల తర్వాత మళ్లీ తెరిచి కొత్త జాయింటు. ఈ క్రిమికి ఒకేసారి చేసినా బాగుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారని మా డాక్టరు గారే చెప్పారు. నా ఎముక బాగా తినేసి ఉండబట్టి ఆయన ధైర్యం చేయలేదు. మీది మీ డాక్టరు గారు లోపల చూసి తేల్చాల్సిందే, ఇందులో నా మాట పట్టించుకోకండి.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ రోజుకి 2 గ్రాములు నరంలోకి ఇచ్చారు నాకు. రోజూ పొడవకుండా పై చేతిలో సన్నటి గొట్టం పెడతారు, పిక్ లైన్ అంటారు. స్నానానికి ముందు దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి రెండు వైపులా టేపు వేయాలి. మా వీధి చివర క్లినిక్‌లో నర్సమ్మ ఎక్కించేది. వెళ్లిన ప్రతిసారీ చేతులు కడుక్కున్నాకే ముట్టుకోమని అడగండి, మొహమాటపడకండి.

దాంతో పాటు రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తే ముందే తెలిసి ఉండండి, మూత్రం నారింజ రంగులో వస్తుంది. మొదటి రోజు నెత్తురనుకుని హడలిపోయాను. చెమటకి తెల్ల బనీన్లు కూడా పసుపెక్కాయి. అది మామూలే. అసలు జాగ్రత్త వేరే ఉంది. ఆ మాత్ర కొన్ని షుగర్ మాత్రల బలాన్ని తగ్గించేస్తుంది. నాకు పది రోజుల్లో షుగర్ 280కి వెళ్లింది, మాత్ర మార్చాల్సి వచ్చింది. బీపీ మందు, రక్తం పలచబడే మందు వాడుతున్నా అంతే. నాన్నగారు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి ఇప్పుడే డాక్టరు గారి చేతిలో పెట్టండి.

పడుకోవడానికి మంచం పనికిరాదు, మొదటి నెల పడక కుర్చీలోనే. మోచేతి కింద చిన్న దిండు ఉండాలి, చెయ్యి వెనక్కి వేలాడకూడదు.

ఫలితం గురించి దాచకుండా చెప్తాను. నా చెయ్యి ఇప్పుడు భుజం ఎత్తు దాకా లేస్తుంది, ఆ పైకి లేవదు. అటక మీద డబ్బా నేను దించలేను. కానీ రాత్రి పదింటికి పడుకుంటే అయిదింటికే మెలకువ వస్తోంది. రెండేళ్లు రెండు గంటలకి లేచి కూర్చున్న మనిషిని, నాకు అది చాలు.

చొక్కాల సంగతి మర్చిపోయాను. నాన్నగారి పాత చొక్కాలు మూడు తీసుకుని, కుడి వైపు భుజం కుట్టు నుంచి చెయ్యి చివరి దాకా విప్పించి, టిచ్ బటన్లు పెట్టించండి. తొడిగేటప్పుడు ఎవరూ చెయ్యి ఎత్తించక్కర్లేదు, డ్రెస్సింగుకి కూడా సులువు. మా టైలర్ అరగంటలో కుట్టి డబ్బులు తీసుకోలేదు. ఆపరేషన్ తారీఖు ఖాయమయ్యాక ఇక్కడ రాయండమ్మా, చూస్తూ ఉంటాను.